రిసెప్షన్‌కు ఎవరి డీజే: మామ మాట్లాడిందా, తమ్ముడు మాట్లాడిందా?

ప్రశ్న

నల్లగొండ దగ్గరి ఊరి నుంచి ఒక అక్క నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి ఇది.

నాయన చనిపోయి ఆరేండ్లయింది. ఇంటికి పెద్దబిడ్డ ఆమే. ప్రైవేటు బడిలో టీచరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి పెండ్లి ఈ ఫాల్గుణంలో, వనపర్తిలో అమ్మాయివాళ్ల దగ్గర. మర్నాడు రాత్రి ఊళ్లో బరాత్, ఆ తర్వాతి సాయంత్రం నల్లగొండ ఫంక్షన్ హాల్లో రిసెప్షన్, ఏడొందల మందికి భోజనాలు. ఖర్చులో ఎక్కువ భాగం ఆమె ఎత్తిన చిట్టీ డబ్బే.

తమ్ముడు, అతని దోస్తులు కలిసి హైదరాబాద్ నుంచి ఒక డీజేను మాట్లాడుకున్నారు. ఎల్ఈడీ వాల్ (వెలిగే పెద్ద తెర), ఎనిమిది షార్పీ లైట్లు (సన్నటి కాంతి కిరణాలు తిప్పేవి), లేజర్, డ్రై ఐస్ పొగ, కోల్డ్ పైరో (రవ్వలు చిమ్మే గొట్టాలు) అన్నీ కలిపి 90 వేలు. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఈలోగా మేనమామ తన ఊరి డీజే బండి పిల్లగాణ్ని 30 వేలకు ఖాయం చేసి, పదివేలు చేతిలో పెట్టి వచ్చాడు. "ఇరవై వేల వాట్స్ సౌండు, హాలు దద్దరిల్లాలె" అంటాడు. నాయన పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటికి నిలబడ్డ మనిషి ఆయనే. తమ్ముడేమో "బరాత్ బండి తెచ్చి హాల్లో పెడితే ఆఫీసోళ్ల ముందు నా ఇజ్జత్ ఏం కావాలె" అన్నాడు. అది మామ చెవిన పడింది. "నా మాటకు విలువ లేని పెండ్లికి నేనెందుకు" అని ఆయన రావడం మానేశాడు.

వీటికి తోడు ఇంకో మూడు తలనొప్పులు. తాతకు నిరుడు పేస్‌మేకర్ వేశారు. అమ్మాయివాళ్లు "డీజే గోల మాకు పడదు" అని మధ్యవర్తితో చెప్పి పంపారు. హాలు మేనేజరు రాత్రి పదింటికి బంద్ అంటూనే, పాటలకు లైసెన్సు కాగితం తెమ్మంటున్నాడు. "ఎవరిని పెట్టుకోవాలె? మామకు ఏమని చెప్పాలె? అసలు డీజేనే వద్దనుకుంటే అయిపోదా?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

ఉత్తరమంతా ఈ డీజేనా ఆ డీజేనా అన్నట్టు సాగింది గానీ, ఆ ఇద్దరూ చేసేది ఒకే పని కాదమ్మా. మామ మాట్లాడింది రోడ్డు మీద బరాత్ నడిపే బండి. తమ్ముడు మాట్లాడింది తెర, లైట్లు, పొగ ఉండే షో. మీ రిసెప్షన్‌కు ఈ రెండింట్లో ఏదీ ఉన్నదున్నట్టు సరిపోదు. ఆ సాయంత్రాన్ని ఒకసారి గంటల లెక్కన చూడండి.

ఏడింటికి జంట స్టేజీ ఎక్కుతుంది. అప్పటి నుంచి తొమ్మిది దాటేదాకా లైనే. అక్షింతలు, చేతిలో కవరు, ఒక ఫొటో, దిగి నేరుగా భోజనాల దగ్గరికి. ఊళ్ల నుంచి ఆటోల్లో, తుఫాన్ బండ్లలో వచ్చినవాళ్లు తినగానే ఎనిమిదిన్నరకల్లా తిరుగుముఖం పడతారు. ఏడొందల మంది అన్నారు కదా, ఆ ఏడొందల మందీ ఏ క్షణంలోనూ హాల్లో కలిసి ఉండరు. తొమ్మిదింబావుకు మిగిలేది దగ్గరి చుట్టాలు, దోస్తులు, ఆఫీసువాళ్లు. ఎగిరేది యాభై, అరవై మంది. మేనేజరు పదింటికి ఆపుతానంటే మీకు దొరికే డాన్సు సమయం ముప్పావు గంట. మిగతా రెండు గంటల పైచిలుకు డీజే చేయాల్సింది మాట్లాడుకునేవాళ్లకు అడ్డం రాకుండా సన్నగా పాట వేయడం, మైకు సరిగ్గా పనిచేసేలా చూడటం.

90 వేలా, 30 వేలా అన్న బేరం కన్నా ముందు ఈ లెక్క తమ్ముడి ముందు పెట్టండి. డాన్సు ఎక్కువసేపు కావాలంటే దారి పెద్ద డీజే కాదు, టైము మార్చడం. జంటను ఆరున్నరకే స్టేజీ ఎక్కిస్తే, తొమ్మిదింటికి లైను ఆపేసి మిగిలినవాళ్లకు కిందే ఫొటోలు తీయిస్తే, గంట దొరుకుతుంది. ఆరున్నరకు ఎక్కాలంటే పెండ్లికూతురి మేకప్ మూడింటికే మొదలు కావాలి. ఎక్కువ ఇండ్లలో ఆలస్యం మొదలయ్యేది అక్కడే.

ఇక వాట్ల సంగతి. "ఇరవై వేల వాట్స్" అన్న మాటతో మీకు తెలిసేది ఏమీ లేదు. అది ఆంప్లిఫయర్ల మీద అచ్చేసిన గరిష్ఠ అంకెలన్నీ కూడితే వచ్చేది. నిలకడగా ఎంత ఇవ్వగలదో చెప్పే అంకెను ఆర్ఎంఎస్ అంటారు. అది ఇందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. అంతకన్నా ముఖ్యమైంది, రోడ్డు వేరు, హాలు వేరు. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెళ్లు పడిపోతుంది. గోడలు, పైకప్పు ఉండవు కాబట్టి చప్పుడు పోయిందే పోవడం. అందుకే బండి మీద బేస్ పెట్టెలు గోడలా పేరుస్తారు. అవే పెట్టెలు హాల్లో దింపితే గ్రానైటు నేల, అద్దాల తలుపులు, పీఓపీ పైకప్పు ఆ శబ్దాన్ని తిప్పి తిప్పి కొడతాయి. పాటలో మాట వినపడదు, గుబగుబ ఒక్కటే మిగులుతుంది. మాట తెలియట్లేదని ఎవరో "సౌండు సరిపోతలేదు" అంటారు, డీజే ఇంకాస్త పెంచుతాడు. మిక్సర్ మీద ఎర్రలైటు మిణుకుమనడం ఆగి అదే పనిగా వెలుగుతుంటే, శబ్దం పెరగట్లేదు, పగిలిపోతోందని అర్థం. స్పీకర్లు కాలిపోయేదీ అప్పుడే.

మీ హాలంత జాగాలో యాభై, అరవై మంది ఎగరడానికి రెండు 15 అంగుళాల టాప్‌లు (మాట, పాట వినిపించే పై పెట్టెలు), ఒక్కోదాంట్లో జోడు 18 అంగుళాల స్పీకర్లుండే బేస్ పెట్టెలు రెండు చాలు. టాప్‌లు స్టాండ్ల మీద మనిషి తలకన్నా ఎత్తులో, ముఖం డాన్సు చేసే జాగా వైపు ఉండాలి. బేస్ పెట్టెలను హాలు మూలల్లో నెట్టకూడదు, మూలలో పెడితే బేస్ దానంతటదే ఉబ్బుతుంది. స్టేజీ మీద అసలే పెట్టొద్దు. చెక్క స్టేజీ అదిరితే వీడియో కెమెరా వణుకుతుంది, జంట మూడు గంటలు ఆ అదురులోనే నిలబడాలి. భోజనాల దగ్గర వడ్డించేవాడు "ఇంకొంచెం వేయమంటారా" అంటే వినపడాలి. వినపడకపోతే టాప్‌ల దిశ తప్పుందని అర్థం.

మైకు దగ్గర మాత్రం కొంచెం ఆగండి, రిసెప్షన్ పరువు పోయేది ఎక్కువగా ఇక్కడే. చదివింపుల పేర్లు చదివేటప్పుడో, పెద్దమనిషి రెండు మాటలు మాట్లాడేటప్పుడో "కుయ్య్" మని కూత వస్తుంది. మైకు పట్టుకున్న మనిషి స్పీకరు ముందుకు వచ్చినా, మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకున్నా అది వస్తుంది. తన స్పీకరు గొంతు తనే విని మైకు మళ్లీ దాన్నే పంపుతుంది. తెలిసిన డీజే చేసేది చిన్న పని. టాప్‌లను స్టేజీకి ముందు గీతలో పెట్టి మైకు వాటి వెనకే ఉండేలా చూస్తాడు, పాట ఆపకుండానే కూసే స్వరాన్ని కోస్తాడు. తెలియనివాడు మైకు మొత్తం తగ్గిస్తాడు, అప్పుడు ఎవరి మాటా వినపడదు. రెండు కార్డ్‌లెస్ మైకులు, ఒక వైరు మైకు ఉండాలని అడగండి. కార్డ్‌లెస్‌లో సెల్లు ఏడింటికి కొత్తవి వేయాలి. నిన్నటి బరాత్‌లో వాడిన సెల్లతో వస్తే ఎనిమిదిన్నరకు మాట తెగిపోతుంది.

తాతగారి గురించి భయపడ్డారు. శబ్దం వల్ల పేస్‌మేకర్‌కు ఏమీ కాదు. పెద్ద స్పీకర్లలో బలమైన అయస్కాంతం ఉంటుంది కాబట్టి పెట్టెను ఆనుకుని కూర్చోకూడదు, దానికి ఛాతీ ఆనించకూడదు. నాలుగడుగుల దూరం ఉంటే అయస్కాంతంతో బాధ లేదు. ఒకసారి ఆయన గుండె డాక్టరును కూడా అడగండి. అసలు ఇబ్బంది వయసుకు ఆ మోత తట్టుకోలేకపోవడం. ఆయన కుర్చీ భోజనాల వైపు గుమ్మం దగ్గర, టాప్‌ల వెనక వేయించండి. తొమ్మిదింబావుకు ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోయేలా మనిషిని ముందే అనుకోండి. చంటిపిల్లల తల్లులకూ ఆ జాగానే.

తమ్ముడి పట్టికలోని సామాను కూడా చూద్దాం. ఎల్ఈడీ వాల్ దండగేం కాదు, వెనక వరుసలవాళ్లకు స్టేజీ కనిపిస్తుంది. షార్పీలు ఎనిమిది అక్కర్లేదు, నాలుగు చాలు, వాటిని జనం కండ్లలోకి కాక పైకప్పు మీదికి తిప్పమనాలి. లేజర్ వద్దు. సూటిగా తగిలితే కంటికే కాదు, ఫొటోగ్రాఫర్ కెమెరా సెన్సర్‌కూ, ఫోన్ కెమెరాలకూ దెబ్బ. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, సున్నాకు దిగువన 78 డిగ్రీల చలి. జంట మొదటి డాన్సుకు రెండు నిమిషాలు నేల మీద మబ్బు పరచడానికి బాగుంటుంది. ఏసీ హాల్లో తలుపులు మూసి పదే పదే వాడితే ఆ గాలి బరువుకు కిందే నిలిచి, నేల మీద ఆడే చిన్నపిల్లలకు ఊపిరాడదు. ముక్కలు చేత్తో ముట్టుకుంటే చర్మం కాలుతుంది. కోల్డ్ పైరో మాత్రం నా ఓటు వద్దనే. పేరులో చల్లదనం ఉన్నా ఆ రవ్వలు సన్నని లోహపు పొడి మండితే వచ్చేవి, గొట్టం మూతి దగ్గర బట్టకు అంటుకునేంత వేడి. మన స్టేజీల చుట్టూ ఉండేవి నెట్టు గుడ్డ, థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు, పట్టుచీరల కొంగులు. 2023 సెప్టెంబరులో ఇరాక్‌లోని ఖరఖోష్‌లో పెండ్లి హాల్లో కాల్చిన బాణసంచా పైకప్పు అలంకరణకు అంటుకుని వందమందికి పైగా చనిపోయారు. తమ్ముడు పట్టుబడితే హాలు బయట గుమ్మం ముందు, ఆరుబయట, అలంకరణకు దూరంగా పెట్టించండి. ఎంట్రీ వీడియోకు అదీ బాగానే ఉంటుంది.

కరెంటు గురించి ఎవరూ అడగరు, ఆగిపోయినప్పుడు అందరూ తిడతారు. ఎల్ఈడీ వాల్ 12 అడుగులకు 8 అడుగులదైతే, తెల్లటి బొమ్మ వచ్చినప్పుడు నాలుగైదు కిలోవాట్ల దాకా లాగుతుంది. ఎనిమిది షార్పీలు మూడు కిలోవాట్లు, సౌండు ఇంకో మూడు, నాలుగు. 15 కేవీఏ జనరేటరు నికరంగా ఇచ్చేది 12 కిలోవాట్లు. అంటే అంచు మీద నడుస్తుంది, దాని మీద ఒక్క కూలర్ తగిలించినా ట్రిప్పవుతుంది. హాలు జనరేటరు హాలు లైట్లకూ ఏసీకే లెక్క చూసి పెట్టింది కావచ్చు. మేనేజరును రెండు ప్రశ్నలు అడగండి: డీజేకు త్రీఫేజు పాయింటు ఎక్కడుంది, ఎంత లోడు ఇస్తారు? బయటి డీజేకు వేరే రుసుమూ, యూనిట్ల లెక్కన కరెంటు చార్జీ ఏమైనా ఉందా? లైట్లు ఒక ఫేజు మీద, సౌండు ఇంకో ఫేజు మీద ఉండాలి. కలిపితే లైట్లు తిరిగినప్పుడల్లా స్పీకర్లలో జుంయ్ మంటుంది. మిక్సరుకూ ల్యాప్‌టాప్‌కూ చిన్న యూపీఎస్ ఉండాలి. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కాసేపట్లో డిజిటల్ మిక్సర్ ఆరిపోతే, మళ్లీ లేవడానికి నిమిషం దాకా పడుతుంది. పెండ్లికూతురు సగం దారిలో ఉండగా పాట ఆగిపోవడం అంటే అదే.

ఇప్పుడు మనుషుల్ని ఎట్లా తూచాలో చూద్దాం. మామ మాట్లాడిన పిల్లగాణ్ని ముందే తీసిపారేయకండి. హాలు చూపించి "ఇక్కడ ఎన్ని పెట్టెలు దింపుతావు" అని అడగండి. "ఉన్నయన్నీ" అంటే అతనికి రోడ్డే తెలుసు. పైకప్పు వైపు చూసి, చప్పట్లు కొట్టి విని, "ఇక్కడ ఎక్కువ పెడితే మోగుతదక్కా" అన్నాడంటే పని తెలిసినవాడే. భోజనాలప్పుడు ఏం వేస్తావో అడగండి. ఫోక్ రీమిక్స్, తీన్మార్ తప్ప వేరే ఏమీ లేకపోతే ఆ రెండు గంటలు మీకు కష్టం.

హైదరాబాద్ వాళ్లు చూపించే రీల్సుతో ఏమీ తెలియదు, వాటిలో వినపడే పాట తర్వాత అతికించింది. ఏదైనా ఫంక్షన్‌లో ఫోన్‌తో తీసిన పది నిమిషాల వీడియో, కోతలు లేకుండా పంపమనండి. జనం గోల వినపడాలి, పాట నుంచి పాటకు ఎట్లా వెళ్తున్నాడో తెలియాలి. ఆ రోజు కన్సోల్ (డీజే పాటలు నడిపే బల్ల) దగ్గర నిలబడేది ఎవరో పేరు అడగండి. ముహూర్తాల రోజుల్లో ఒకే పేరు మీద రెండు, మూడు చోట్ల ఒప్పుకుని, పెద్దవాణ్ని ఒక చోటికి, సహాయకుణ్ని ఇంకో చోటికి పంపడం ఈ వ్యాపారంలో మామూలు. దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా వచ్చి మలిగి నల్లగొండ చేరాలంటే, సామాను బండి పగలు పన్నెండింటికి బయలుదేరాలి. మూడు గంటలు బిగింపు, అయిదున్నరకు సౌండ్ చెక్. జనం వచ్చాక "హలో, చెక్, వన్ టూ" అంటున్నాడంటే ఆలస్యంగా వచ్చాడనే.

మీ ముందు నాలుగు దారులున్నాయి. మొదటిది, మామ బండిని ఊళ్లో బరాత్‌కు, హాలుకు వేరే డీజే. ఇచ్చిన పదివేలు ఎక్కడికీ పోవు, బండి దాని జాగాలో అది నిలబడుతుంది. మొత్తం ఖర్చు మాత్రం పెరుగుతుంది, కాబట్టి హాలు డీజేను సామాను తగ్గించి మాట్లాడాలి. పైరో, లేజర్, సగం షార్పీలు తీసేసి 90 వేల మీద మళ్లీ బేరం చేయొచ్చు. నల్లగొండ, మిర్యాలగూడల్లో హాళ్లలో చేసే డీజేలనూ ఒకసారి అడగండి, రవాణా మిగులుతుంది. తమ్ముడికి నగరం పేరు దక్కదు, అదొక్కటే లోటు.

రెండోది, హైదరాబాద్ డీజే ఒక్కడే. తమ్ముడు సంతోషిస్తాడు. మామ దూరం ఇంకా పెరుగుతుంది, చిట్టీ డబ్బుకు చిల్లు పడుతుంది, పదివేలు వెనక్కి అడగాల్సిన పని మామ మీద పడుతుంది. తన ఊరి పిల్లగాడి ముందు ఆయన తల దించుకోవాలి. ఆయన కోపం సగం దాని గురించే కావచ్చు.

మూడోది, మామ పిల్లగాణ్నే హాల్లోనూ పెట్టడం, అయితే బండి సామాను కాకుండా నల్లగొండలో హాలుకు తగిన టాప్‌లు, మైకులు కిరాయికి తెచ్చి. అందరికన్నా చవక పడేది ఇదే. ఆ పిల్లగాడు పై పరీక్షలో నెగ్గితేనే ఈ దారి. లేకపోతే రిసెప్షన్ రోజు మీ తమ్ముడి మాటే నిజమవుతుంది, ఆ మాట మామ జీవితాంతం మోయాలి.

నాలుగోది, డీజే వద్దు, సన్నాయో వాయిద్యమో పెట్టి ఒక మైకు సెట్టు. అమ్మాయివాళ్లకు నచ్చుతుంది, ఖర్చు తక్కువ. కాకపోతే తొమ్మిదిన్నరకు దోస్తులు ఊరుకోరు. ఎవరో ఒకరు ఫోన్ బ్లూటూత్ కలిపి పెట్టుకుంటారు, అప్పుడు అదుపు చేసే మనిషి కూడా ఉండడు. మీ ఇంటికి నేను మొదటి దారి వైపు మొగ్గుతాను, పిల్లగాడు తెలివైనవాడని తేలితే మూడోది.

బరాత్‌కు బండి పెడితే దాని జాగ్రత్తలు దానికున్నాయి. పెట్టెలు పేర్చాక బండి ఎత్తు ఎంతో టేపు పెట్టి కొలవండి. ఊళ్లో వీధుల మీద వేలాడే వైర్లు, ముఖ్యంగా 11 కేవీ లైను ఎక్కడ రోడ్డు దాటుతుందో పగలే నడిచి చూడండి. కర్రతో వైరు లేపి బండి పోనిచ్చే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, మంచుకు తడిసిన కర్రలోంచి షాకు కొట్టి ప్రాణాలు పోతాయి. ఆ దారి తప్పకపోతే లైన్‌మన్‌కు ముందే చెప్పి సరఫరా ఆపించండి. డ్రైవరు తాగి ఉండకూడదు. బండి ముందు ఎగిరేవాళ్లకూ బంపరుకూ నడుమ తాడు పట్టుకుని ఇద్దరు నడవాలి. పదింటికల్లా ముగించండి, ఫాల్గుణమంటే ఇంటర్ పరీక్షల కాలం.

అమ్మాయివాళ్లు "డీజే పడదు" అన్నారంటే దేని గురించి అన్నారో మధ్యవర్తిని కాక పెండ్లికూతురినే అడగండి. చప్పుడా, పాటలా, ఆడపిల్లల్ని చేయిపట్టి లాగి ఎగరమనడమా? ఎక్కువసార్లు మూడోదే ఉంటుంది. "పిల్లను ఎవరూ ఎగరమని బలవంతం చేయరు, తొమ్మిదింటి దాకా సన్నగానే ఉంటుంది" అని మీరు నేరుగా ఆమె తల్లితో అంటే సగం భయం పోతుంది. డీజేకు వద్దన్న పాటల పట్టిక రాసివ్వండి. బూతు మాటల ఫోక్ రీమిక్సులు, కులం పేరుతో వచ్చే పాటలు, పార్టీ పాటలు, నాయకుల మీద పాటలు, ఏ హీరో అభిమానులు ఎక్కువో తేల్చుకునే పాటలు. ఒక పార్టీ పాట పడగానే ఇంకో పార్టీవాళ్లు కన్సోల్ దగ్గరికి వస్తారు, అక్కడి నుంచి గొడవ ఎంతసేపు? పాట అడగాలన్నా సౌండు తగ్గించమనాలన్నా ఒక్క మనిషే డీజేతో మాట్లాడాలి. తాగని మనిషి, ఇద్దరి వైపూ మాట చెల్లే మనిషి. ఆ పేరు, ఫోన్ నంబరు డీజేకు ముందే ఇవ్వండి. మీ ఇంట్లో ఆ పనికి మీ భర్తో బాబాయో ఉంటారు. పెండ్లికొడుకు దోస్తును మాత్రం పెట్టకండి.

మామతో ఫోన్‌లో మాట్లాడొద్దు. అమ్మను తీసుకుని ఆయన ఇంటికి వెళ్లండి, తమ్ముణ్ని మొదటి రోజు తీసుకెళ్లకండి. "నువ్వు తెచ్చిన బండి వద్దు" అన్న మాటతో కాదు, "మామా, బరాత్ మొత్తం నీ చేతిలో పెడుతున్నం, బండి నీదే, దారి నీదే, పిల్లల అదుపు నీదే" అన్న మాటతో మొదలుపెట్టండి. ఇది ఆయన్ని బుజ్జగించడానికి అల్లిన మాట కాదు, తాగిన కుర్రాళ్లను ఆపగలిగే మనిషి మీ ఇంట్లో నిజంగా ఆయనే. హాలు సంగతి ఆయన ఎత్తితే మేనేజరు పెట్టిన షరతులు, త్రీఫేజు లెక్క, పదింటి గడువు చెప్పండి. వీలైతే హాలుకు తీసుకెళ్లి చూపించండి. ఆ తర్వాత తమ్ముడు వెళ్లి ఆ ఇజ్జత్ మాటకు క్షమాపణ చెప్పాలి. ఆ పని మీరు చేసిపెట్టకండి. మామ అయినా అలిగితే, పెండ్లిపత్రిక ఇవ్వడానికి వెళ్లినప్పుడు మళ్లీ ఒకసారి అడగండి. వెంటనే ఒప్పుకుంటాడని నేను హామీ ఇవ్వలేను.

పదింటి గడువు మేనేజరు సొంత తెలివి కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. తలుపులు మూసిన కల్యాణ మండపాల లోపల వాడుకోవడానికి మినహాయింపు ఉంది గానీ, ఆరుబయట లాన్‌కు లేదు. ఆసుపత్రి, బడి, కోర్టుకు వంద మీటర్ల లోపల ఇంకా కఠినం. మేనేజరు పదింటికి ఆపుతానన్నాడంటే చుట్టుపక్కలవాళ్లతో ఇదివరకే మాట పడి ఉంటాడు, వాదన పెట్టుకోకండి. లైసెన్సు కాగితం సంగతి మాత్రం ఆయన పొరపాటు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో పెండ్లి ఊరేగింపుకూ పెండ్లికి సంబంధించిన వేడుకలకూ పాటలు వేసుకోవడానికి మినహాయింపు ఉంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక నోటీసు ఇచ్చి అదే మాట మళ్లీ స్పష్టం చేసింది. ఆ నోటీసు ప్రింటు తీసి ఇవ్వండి.

ఎవరిని పెట్టుకున్నా ఒక తెల్లకాగితం మీద రాయించుకోండి, వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకున్నా చాలు. వచ్చే మనిషి పేరు, పెట్టెల సంఖ్య, మైకులు ఎన్ని, లైట్లు ఏవేవి, హాలుకు చేరే గంట, సౌండ్ చెక్ గంట, ఆపే గంట, దాటితే గంటకు ఎంత, డీజిల్ ఎవరిది, రవాణా ఎవరిది, పనివాళ్ల బేటా (రోజు బత్తెం) కలిపా వేరా, వాళ్లు ఎంతమంది తింటారు. డీజే రాకపోతే ఎవరిని పంపుతాడు, అడ్వాన్స్ వెనక్కి ఎప్పుడిస్తాడు. అడ్వాన్స్ మూడో వంతు మించకుండా, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో. మిగతాది సౌండ్ చెక్ అయ్యాక సగం, పాట ఆగాక సగం. ఆ ఆఖరి సగం కవరులో పెట్టి, పదింటిదాకా హాల్లోనే ఉండే మనిషి చేతికివ్వండి. ఆ వేళకు మీరు కట్నాల సంచితో ఇంటికి బయలుదేరి ఉంటారు.